బోరు వేయించే డబ్బుతో ప్రభుత్వ విధానాల మీద వాదన ఎందుకు?

పెన్నా గట్టు (అనంతపురం):

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారి పేరు మీద మా కుటుంబం ఒక చిన్న ట్రస్టు నడుపుతోంది. ఏడాదికి పద్నాలుగు లక్షల దాకా ఖర్చు పెడతాం. ఇరవై ఏళ్లుగా చేస్తున్నవి అందరికీ తెలిసిన పనులే. బడిపిల్లలకు పుస్తకాలు, సంచులు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు, మరీ అవసరమైన చోట బోరు. ఈ ఏడాది ఒక బృందం మా దగ్గరకు వచ్చింది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి పనికి వలస, పోయే కుటుంబాల పిల్లల వివరాలను ఊరూరా తిరిగి రాసుకుంటామనీ, ఆ లెక్కలు పట్టుకుని, ఊళ్లో ఉండిపోయే పిల్లలకు సీజనల్ హాస్టళ్లు వేళకు తెరిపించేలా జిల్లా అధికారులతోనూ విద్యాశాఖతోనూ మాట్లాడతామనీ, ఏడాదికి నాలుగు లక్షల చొప్పున మూడేళ్లు సాయం చేయాలనీ అడిగింది.

సమావేశంలో మా పెదనాన్నగారు, "ఈ డబ్బుతో ఏటా రెండు ఊళ్లలో బోర్లు వేయించవచ్చు. ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ల బస్సు చార్జీలకు మనమెందుకు ఇవ్వాలి? దానధర్మం అంటే అదేనా?" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అయితే ప్రపంచంలోని పెద్ద పెద్ద ఫౌండేషన్లు అన్నం, మందులు, చదువులతో ఆగకుండా చట్టాలు, బడ్జెట్లు, ప్రభుత్వ విధానాలు మారాలని వాదించే వారికి కూడా ఎందుకు డబ్బు ఇస్తాయో తెలిసినవారు చెబితే, వచ్చే సమావేశానికి నేను కాస్త సిద్ధమై వెళ్తాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

ముప్పై ఏళ్లకు పైగా ట్రస్టుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి కనుక ముందు చట్టం సంగతి చెబుతాను. ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్న కంటే ముందు, ఇవ్వవచ్చునా అన్నది తేలాలి.

మన దేశంలో దశాబ్దాలుగా నడిచిన 1961 ఆదాయపు పన్ను చట్టం 2(15) సెక్షన్‌లో దాతృత్వ ప్రయోజనం అంటే ఏమిటో చెప్పారు. పేదలకు సాయం, విద్య, వైద్యం, పర్యావరణం వంటి వాటితో పాటు "సాధారణ ప్రజోపయోగం" అన్న విశాలమైన మాట కూడా అందులో ఉంది. బడి మానేసే పిల్లల వివరాలు సేకరించి, వారికి రావలసినది ఇమ్మని అధికారులను అడగడం విద్యకు సంబంధించిన పనే. ఏదైనా పార్టీకో ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థికో మేలు చేసే పనికి మాత్రం ట్రస్టు సొమ్ము పైసా పోకూడదు. కంపెనీల సీఎస్ఆర్ నిబంధనల్లోనూ రాజకీయ పార్టీకి ఇచ్చే చందాను సామాజిక బాధ్యత కింద లెక్కలోకి తీసుకోరు.

విదేశీ విరాళాలు తీసుకునే సంస్థల సంగతి వేరు. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) రాజకీయ స్వభావం గల సంస్థలు విదేశీ డబ్బు తీసుకోవడాన్ని నిషేధించింది. బంద్, హర్తాళ్, రాస్తారోకో వంటివి చేసే సంస్థలను కూడా ఆ గాటన కట్టడానికి నిబంధనల్లో వీలుండేది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో, పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజా సమస్యల కోసం అలాంటి ఆందోళనలకు మద్దతిచ్చినంత మాత్రాన ఒక సంస్థకు రాజకీయ ముద్ర వేయరాదని తేల్చింది. ఆ ఏడాదే వచ్చిన సవరణ వల్ల ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు మళ్లించే దారి మూసుకుపోయింది. పరిపాలన ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకుంటూ వచ్చిన జిల్లా స్థాయి చిన్న బృందాలకు అది పెద్ద దెబ్బ. మీలాంటి స్థానిక ట్రస్టుల తలుపు తడుతున్నవారిలో అలాంటివారు చాలామంది ఉంటారు.

మీ ట్రస్టు డీడ్ తీసి ఉద్దేశాల పేరా ఒకసారి చదవండి. విద్య అన్న మాట ఉంటే చాలు.

సుగ్గి బడి (కోసిగి వైపు):

నేను ఆ పడమటి మండలాల్లోనే ప్రభుత్వ బడిలో పని చేస్తున్నాను. విధానం, వాదన వంటి మాటల గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు మీ అందరికీ ఒక హాజరు పట్టీ చూపించాలని ఉంది.

సంక్రాంతికి ముందు మా ఐదో తరగతిలో 38 మంది పిల్లలు వచ్చేవారు. పండగ వెళ్లిన రెండు వారాలకు 17 మంది మిగిలారు. మిరపకోతలకు గుంటూరు వైపు పోయే లారీ తెల్లవారుజామున ఊరి బయట ఆగుతుంది. బియ్యం మూట, పొయ్యి, ప్లాస్టిక్ బిందె, కోడిపిల్లల గంప, వాటి మధ్య ముడుచుకుని కూర్చున్న పిల్లలు. పెద్దపిల్ల కోతకు, చిన్నపిల్ల చంటివాణ్ణి చూసుకోవడానికి. ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి పరీక్షల కాలం అయిపోవస్తుంది. మిరప ఘాటుకు వేళ్లు మండి, పలక పట్టుకోలేని పిల్లను నేను చూశాను.

సీజనల్ హాస్టల్ అనేది కాగితం మీద ఉన్న పథకమే. తల్లిదండ్రులు పనికి పోయినా పిల్లలు ఊళ్లోనే బడి గదిలో తిని పడుకునే ఏర్పాటు అది. అయితే ఒక ఏడాది అనుమతి, డబ్బు అందేసరికి ఫిబ్రవరి సగం గడిచిపోయింది. లారీలు వెళ్లిన తర్వాత హాస్టల్ తెరిస్తే అందులో ఉండడానికి పిల్లలెవరు?

పెదనాన్నగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి. మీ ట్రస్టు తన డబ్బుతో హాస్టల్ నడిపితే ఒక ఊరికి సరిపోతుంది. ఆ ప్రభుత్వ ఉత్తర్వు డిసెంబరులోనే వచ్చేలా చూడగలిగితే మా మండలంలోని ఊళ్లన్నిటికీ సరిపోతుంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మాస్టారూ, మీరు చెప్పినదానికి చట్టంలో ఆధారం కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ స్థానిక సంస్థల బాధ్యతలు చెబుతూ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే పూచీని కూడా వాటి మీదే పెట్టింది. కాబట్టి ఆ బృందం కొత్త చట్టం కోరడం లేదు. ఉన్న చట్టాన్ని వేళకు అమలు చేయమని అడుగుతోంది. విధానాల మీద వాదన అనగానే ఢిల్లీలో బిల్లు రాయించడం అనుకుంటారు గానీ, దానిలో ఎక్కువ భాగం ఇలా ఒక తేదీ కోసం, ఒక ఫైలు కోసం, బడ్జెట్‌లో ఒక పద్దు కోసం చేసే పనే.

మైదుకూరు మెట్ట (కడప జిల్లా):

నా అభిప్రాయం వేరు. పై మాటలు మనసును కదిలించేవే అయినా, ప్రశ్న అడిగినవారు ప్రపంచంలోని పెద్ద ఫౌండేషన్ల సంగతి ఎత్తారు కాబట్టి ఆ రెండో వైపు కూడా చూడాలి. డబ్బున్నవాడు ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే అది దానం. డబ్బున్నవాడు ప్రభుత్వం ఎలా నడవాలో చెప్పడానికి మనుషులను పెట్టుకుంటే అది అధికారం. మనం ఓటు వేసి గెలిపించినవారిని ఐదేళ్లకోసారి నిలదీయగలం. ఫౌండేషన్ ట్రస్టీని ఎవరు నిలదీస్తారు?

ఇది ఈనాటి అనుమానం కాదు. 1914లో అమెరికాలోని కొలరాడోలో, లడ్లో అనే చోట, రాక్‌ఫెల్లర్ కుటుంబం చేతిలో ఉన్న బొగ్గు కంపెనీలో సమ్మె చేస్తున్న కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. చనిపోయినవారిలో 11 మంది పిల్లలున్నారు. ఆ కుటుంబమే 1913లో స్థాపించిన ఫౌండేషన్ అదే 1914లో కార్మిక సంబంధాల మీద పరిశోధనకు పూనుకుంది. ఫ్రాంక్ వాల్ష్ అధ్యక్షతన అక్కడి ప్రభుత్వం వేసిన కమిషన్ ఇలాంటి ఫౌండేషన్ల ఉద్దేశాలనే విచారణకు పెట్టింది. మరో ఉదాహరణ కూడా చూడండి. 1973లో వాషింగ్టన్‌లో మొదలైన హెరిటేజ్ ఫౌండేషన్‌కు తొలినాళ్ల పెట్టుబడి బీరు వ్యాపారి జోసెఫ్ కూర్స్ నుంచి వచ్చింది. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం చిన్నదవ్వాలి అన్న వాదనను దశాబ్దాల పాటు అలా పెంచి పోషించారు. అది తప్పో ఒప్పో నేను చెప్పడం లేదు. దారి తెరిస్తే అందులో అందరూ నడుస్తారు, ఎక్కువ డబ్బున్నవారు ముందు నడుస్తారు.

పైగా దాత ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంది. అంటే ప్రజలు వదులుకున్న పన్ను సొమ్ము కూడా ఆ వాదనలో కలుస్తోంది.

మన దేశంలో అతి పెద్ద మార్పు తెచ్చిన సమాచార హక్కు ఉద్యమాన్నే చూడండి. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1996లో బియావర్‌లో నలభై రోజులు ధర్నా చేసింది. ఆ సంఘం ఫౌండేషన్ల గ్రాంట్ల మీద ఆధారపడలేదు. జనం ఇచ్చిన ధాన్యం, చిన్న చిన్న చందాలతో నడిచింది. 2005లో చట్టం వచ్చింది. న్యాయమైన కోరికకు జనమే దన్నుగా నిలబడతారు.

కుందూ తీరం (నంద్యాల వైపు):

మైదుకూరు మెట్ట గారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆయన చెప్పిన లడ్లో సంగతి నిజం. అయినా మన సీమ చరిత్రలోనే మరో పాఠం ఉందని నాకు అనిపిస్తుంది.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి పేరు మనకందరికీ తెలుసు. 1866 కరువులో వేలమందికి రోజూ గంజి పోయించిన మనిషి. ఈ రోజుకీ మా వైపు పెద్దలు ఆ పేరు చెప్పుకుని చేతులు జోడిస్తారు. అయితే పదేళ్లు తిరిగేసరికే 1876–78 మహాకరువు వచ్చింది. కర్నూలు, కడప జిల్లాలు, అప్పట్లో అనంతపురం కలిసి ఉన్న బళ్లారి జిల్లా శవాల దిబ్బలయ్యాయి. ఎంతమంది వెంగళరెడ్లు ఉంటే ఆ కరువుకు సరిపోతారు? ఆ కరువు తర్వాత 1880లో కమిషన్ నివేదిక, దాని మీదట 1883లో కరువు నియమావళి వచ్చాయి. కరువు లక్షణాలు కనబడగానే ఏ అధికారి ఏం చేయాలో, పనులు ఎప్పుడు తెరవాలో అందులో రాశారు. ఆ నియమావళి సంపూర్ణమని నేను అనను. కానీ గంజి దాత దయ మీద ఆధారపడితే, నియమావళి అధికారి విధిగా మారింది.

ఆ కరువు కాలంలో పూనా సార్వజనిక సభ చేసిన పనిని మనం ఎక్కువగా చెప్పుకోము. 1870లో పుట్టిన ఆ సభ తన మనుషులను దక్కన్ ఊళ్లకు పంపి, పంటలెలా ఉన్నాయో, ఎవరు ఊరు విడిచిపోయారో, కూలి ఎంత ఇస్తున్నారో రాయించి, ఆ వివరాలను వరసగా ప్రభుత్వానికి పంపింది. కోసిగి వైపు బృందం చేస్తామంటున్నది అదే పని.

ఇక ఫౌండేషన్లు ఇలా ఎందుకు ఆలోచిస్తాయన్న దానికి, ఆ రాక్‌ఫెల్లర్ డబ్బుతోనే జరిగిన ఇంకో కథ చెబుతాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగు (హుక్‌వార్మ్) రోగం పేదలను పీల్చి పిప్పి చేస్తున్న కాలంలో, 1909లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లు ఇచ్చి ఒక కమిషన్ పెట్టించారు. మందు ఖరీదు కొద్దిపాటిదే. కానీ మరుగుదొడ్లు లేక, జనం చెప్పులు లేకుండా ఆ మట్టి మీదనే తిరుగుతుంటే, మందు వేసుకున్నవారికి రోగం మళ్లీ వచ్చేది. అందుకని కమిషన్ రోగుల లెక్క తీసింది, ఊరూరా చూపించింది, స్థానిక ప్రభుత్వాలనూ ఖర్చులో భాగం పెట్టమంది. కమిషన్ 1914లో మూతపడినా, ప్రజారోగ్యం ప్రభుత్వం చేయవలసిన పని అన్న అవగాహన ఆ రాష్ట్రాల్లో నిలిచింది. 1920ల్లో మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కొంకిపురుగు మీద పని చేసింది.

మన కళ్ల ముందు జరిగినది 108 అంబులెన్స్. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో దాత డబ్బుతో మొదలైంది. తర్వాత ఆ ఖర్చును ప్రభుత్వమే భరించసాగింది. దాత ఎంత పెద్దవాడైనా ప్రభుత్వ ఖజానా ముందు చిన్నవాడే. ఆ ఖజానా ఒక మంచి పని వైపు కాస్త మళ్లితే, అది దాత ఆస్తి మొత్తం కంటే ఎక్కువ. ఫౌండేషన్లు ఈ లెక్క వేసుకునే ఆ దారి పడతాయి.

మైదుకూరు మెట్ట (కడప జిల్లా):

కుందూ తీరం గారూ, 108 గురించి, కరువు నియమావళి గురించి ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. ఖజానాను మళ్లించగల శక్తి మంచివారి చేతిలో ఉన్నప్పుడు మనకు బాగుంటుంది. దానికి హద్దు ఎక్కడ?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

ఆ హద్దు కోసం అమెరికా ఎలా తంటాలు పడిందో చెబుతాను, ఉపయోగపడవచ్చు. 1967లో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి ఓటర్ల నమోదుకు ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. ఆ ఎన్నికల్లో కార్ల్ స్టోక్స్ అక్కడ మేయరు అయ్యారు. దాని మీద రేగిన దుమారం కూడా 1969 పన్ను సంస్కరణ చట్టానికి ఒక కారణం. ఆ చట్టం ప్రకారం కుటుంబ సొమ్ముతో నడిచే ప్రైవేటు ఫౌండేషన్ ఫలానా బిల్లును గెలిపించమనీ ఓడించమనీ చట్టసభ్యుల మీద ఒత్తిడి తెచ్చే ఖర్చు పెట్టకూడదు. పక్షపాతం లేని అధ్యయనం చేయించి బయటపెట్టవచ్చు. చట్టసభ కమిటీ రాతపూర్వకంగా సలహా అడిగితే చెప్పవచ్చు. ఎక్కువమంది ప్రజల చందాలతో నడిచే సంస్థలకు మాత్రం 1976లో కొంత మేరకు బిల్లుల మీద కూడా వాదించే వీలు ఇచ్చారు. ఒక్కడి డబ్బుకు గట్టి కట్టు, పదిమంది డబ్బుకు కొంచెం సడలింపు. ఆ తేడా నాకు న్యాయంగా తోచింది.

మీ ట్రస్టు కూడా అలాంటి నియమం తనకు తానే పెట్టుకోవచ్చు. సేకరించిన లెక్కలన్నీ అందరూ చదివేలా బయటపెట్టాలి. ఎవరి డబ్బో మొదటి పేజీలోనే రాయాలి. మీ కుటుంబ వ్యాపారానికి లాభం కలిగే విషయం జోలికి పోకూడదు.

ఎర్రనేల (కళ్యాణదుర్గం):

నేను వాటర్‌షెడ్ పనుల్లో పదిహేనేళ్లుగా తిరుగుతున్న మనిషిని. పెదనాన్నగారి బోరు గురించి రెండు మాటలు రాయాలనిపించింది. ఆయన మీద గౌరవంతోనే రాస్తున్నాను.

మా పక్క ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు. పెద్దల ఎముకలు వంగి, పిల్లల పళ్లు పచ్చబడి ఉంటాయి. ఒక కంపెనీ వారు ఆర్.ఓ. ప్లాంటు పెట్టించారు. రిబ్బను కత్తిరించిన రోజు నేనూ వెళ్లాను. ఏడాదిన్నర తర్వాత ఫిల్టర్ పొర పూడుకుపోయింది. మార్చడానికి పంచాయతీ దగ్గర డబ్బు లేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. ఇప్పుడు ఆ గదిలో చిరిగిన సంచులు, గడ్డి మోపులు ఉన్నాయి. గోడ మీద దాతల పేర్లున్న రాయి మాత్రం చెక్కుచెదరలేదు. ప్లాంటుకు ఇచ్చినదాంట్లో పదో వంతు, ఆ ఊరిని మంచినీటి పథకంలో చేర్పించే పనికి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ బాధ.

బోరు మాటకొస్తే, అది కూడా విధానంతో ముడిపడినదే. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన 2002 వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వద్దంటుంది. మన జిల్లాలో కురిసే ఐదున్నర వందల మిల్లీమీటర్ల వానకు, మంచి మనసుతో వేయించిన కొత్త బోరు కూడా పక్క బోరును ఎండబెట్టవచ్చు. 2003 తర్వాత కొన్నేళ్లు మన మూడు జిల్లాలతో కలిపి ఏడు జిల్లాల్లో, నెదర్లాండ్స్ సాయంతో రైతులే భూగర్భజలాలను లెక్కకట్టుకునే పథకం నడిచింది. రైతులు తాడుతో బావుల నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, గోడ మీద రాసి, రబీకి ఎంత వరి, ఎంత ఆరుతడి అని కూర్చుని మాట్లాడుకునేవారు. ఆ పథకం బోర్లు వేయలేదు. ఉన్న నీటిని పంచుకునే పద్ధతి నేర్పింది.

కానీ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ పనికి ఓపిక కావాలి. కష్టపడి ఒక కలెక్టరుకు విషయం అర్థం చేయించేసరికి ఆయన బదిలీ అవుతారు. మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మూడేళ్ల తర్వాత ఉత్తర్వు వస్తే అది మీవల్ల వచ్చిందో, ఎన్నికల వల్ల వచ్చిందో చెప్పలేరు. అసలు రాకపోవచ్చు కూడా. బోరుకు ఫోటో ఉంటుంది. దీనికి ఫోటో ఉండదు. కంపెనీలు చట్టం ప్రకారం సామాజిక పనులకు పెట్టవలసిన సీఎస్ఆర్ డబ్బు, అంటే సగటు లాభంలో రెండు శాతం, ఎక్కువగా భవనాల వైపు పోయేది అందుకే.

పెన్నా గట్టు (అనంతపురం):

అందరికీ కృతజ్ఞతలు. ట్రస్టు డీడ్ తీసి చూశాను, విద్య అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. ఎర్రనేల గారూ, మీ హెచ్చరికే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఫలితం చూపించలేని పనికి మూడేళ్లు డబ్బు ఇస్తూ, పని జరుగుతోందని మేము ఎలా తెలుసుకోవాలి?

ఎర్రనేల (కళ్యాణదుర్గం):

ఉత్తర్వు వచ్చిందా అని అడగకండి. ఎన్ని ఊళ్ల జాబితా పూర్తయింది, తల్లిదండ్రులు గ్రామసభలో లేచి మాట్లాడారా, అర్జీకి ఏ తేదీన ఏ జవాబు వచ్చింది, ఈ ఏడాది హాస్టల్ ఏ రోజున తెరిచారు, నిరుటి కంటే ఎన్ని రోజులు ముందు, ఇవి అడగండి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మన బండ్లపల్లిలో మొదలైనప్పుడు సంబరపడ్డాం. కానీ ఆ పథకంలో కూలీకి డబ్బు చేరిందో లేదో తెలిసింది సామాజిక తనిఖీలో మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను) ఊరి మధ్య కూర్చుని చదివినప్పుడే. చట్టం తెచ్చిన తర్వాత కూడా దాని వెంట నడిచేవారు కావాలి, వారికి బస్సు చార్జీ కావాలి.

మైదుకూరు మెట్ట (కడప జిల్లా):

హంద్రీ ఒడ్డు గారు చెప్పిన మూడు షరతులు పెడితే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. ఇంకొకటి చేర్చండి. ఏం అడగాలన్నది మీ ట్రస్టు గానీ, ఆ బృందం గానీ ముందే నిర్ణయించవద్దు. సుగ్గికి పోయే తల్లులను కూర్చోబెట్టి అడగండి. వాళ్లు హాస్టల్ వద్దు, ఇక్కడే పని చూపించమనవచ్చు. అప్పుడు మీ నాలుగు లక్షలు ఆ మాటను మోయాలి.

సుగ్గి బడి (కోసిగి వైపు):

ఆ మాట నేనూ విన్నాను. పోయిన ఏడాది ఒక తల్లి నాతో, బిడ్డను వదిలి అక్కడ రాత్రి ఎలా నిద్రపోతాను సార్ అన్నారు. ఇంకొక తల్లి ఆడపిల్లకు కాపలా ఎవరని అడిగారు. ఆయమ్మను పెట్టకుండా హాస్టల్ తెరవవద్దని మేము రాయడానికి కారణం ఆవిడే.

పెన్నా గట్టు (అనంతపురం):

నాలుగు షరతులూ కాగితం మీద రాసి పెదనాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మొదటి ఏడాదికి రెండు లక్షలు ఇచ్చి చూద్దామా అని నేను అడిగితే, ముందు ఆ ఊరు నా కళ్లతో చూడాలి అన్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, ప్రయాణం చేస్తానన్నారు. మాస్టారూ, మేమిద్దరం ఎప్పుడు రావచ్చు?

సుగ్గి బడి (కోసిగి వైపు):

తప్పకుండా రండి. కోసిగి స్టేషన్‌లో దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను. పెద్దాయనకు మా ఇంట్లోనే బస. సంక్రాంతి వెళ్లిన వారం లోపల, లారీ ఆగే ముందు రోజు సాయంత్రానికి చేరుకునేలా చూసుకోండి. ఇంకో వారం ఆలస్యమైతే మా వీధిలో మీకు తాళం కప్పలే కనిపిస్తాయి.